చిరుగు చూపని కొట్టు

కొట్టు వీధిలో ఉన్నంతకాలం అత్తయ్యకు బోర్డు కూడా అక్కర్లేకపోయింది. నిప్పురవ్వ పడి కాలిన కోటైనా, మేకు పట్టి చిరిగిన ప్యాంటైనా, ఆ బట్ట మడతలోంచే పోగులు లాగి, సూదితో నేసి ఇచ్చేది. చిల్లు ఎక్కడుండేదో సొంతదారుడే వెతుక్కోవాలి. కింది గది చెప్పుల షోరూముకు పోయాక కొట్టు మూడో అంతస్తు ఎక్కింది. జనం ఎక్కలేదు. తోలుకుందామంటే అంత ఎత్తుకు ఈగలు కూడా రాలేదు. వానాకాలం దాటేలోగా పని దొరక్కపోతే కొట్టు మూసి, దుప్పట్ల ఫ్యాక్టరీలో అంచులు కుట్టడానికి పోతానని ఆమె కూతురికి చెప్పేసింది.

ఫోన్లు బాగుచేసే అల్లుడికి ఆ మాట మింగుడుపడలేదు. అలాంటి వేళ్లు దుప్పటి అంచులకా? కొట్టు పేరున ఒక పేజీ తెరిచాడు. మ్యాపులో చోటు గుర్తు పెట్టాడు. ఆమె బాగుచేసిన చొక్కాను ఫోటో తీసి ఎక్కించాడు. మర్నాటికి ఒకే ఒక్క కామెంటు వచ్చింది: 'కొత్త చొక్కా చూపించి ఎవరి చెవిలో పూలు పెడతారు?' మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, బేరాలు లేకపోవడం కన్నా ఆ మాటే అతన్ని మండించింది.

"అత్తయ్యా, ఈసారి చిల్లు ఉన్నప్పుడే ఒక ఫోటో తీస్తాను."

"వద్దు బాబూ. ఒకరి చిరుగు ఇంకొకరికి చూపించను."

"మనిషి మొహం పడదు కదా!"

"బట్ట పడుతుందిగా. ఉన్న ఒక్క కోటూ నమ్మి ఇచ్చిపోతారు. రేపు ఆఫీసులో ఎవరైనా గుర్తుపడితే?"

"పోనీ ఎర్రదారంతో కుట్టండి. కుట్టినట్టయినా తెలుస్తుంది."

"బాగుంది. మీరు ఫోను బాగుచేసి పగులు అలాగే ఉంచుతారా అల్లుడుగారూ?"

కూతురు పకపకా నవ్వింది. "ఏవండీ, అమ్మతో కన్నా గోడతో వాదించుకోండి. అది ఎదురు చెప్పదు."

అల్లుడు అరల వైపు చూశాడు. ఏ బట్ట వచ్చినా అత్తయ్య చిరుగు లోపలికి మడిచి అరలో పెట్టడం అతను ఎప్పుడూ చూస్తున్నదే. అలవాటు అనుకున్నాడు. తిన్న కంచం కూడా ఊరందరికీ చూపించుకునే కాలంలో, ఎదుటివాడి లేమిని ఇలా మడిచి దాచే మనిషి ఉంటుందని తట్టలేదు.

అత్తయ్య లేచి, పోయిన భర్త బూడిదరంగు కోటును బీరువాలోంచి తీసింది. "ఇది నాది. దీని చిరుగు నా ఇష్టం. తీసుకోండి వీడియో."

"అమ్మా, నాన్న కోటు!"

"ఆయన అడ్డు చెప్పరులే. బతికున్నప్పుడే చెప్పలేదు."

కత్తెర కోటు రొమ్ము మీద కసుక్కున దిగింది. అల్లుడు ఫోను దగ్గరగా పట్టాడు. తర్వాత సూది ఒక్కటే కదిలింది. పాట పెట్టలేదు, మాట కలపలేదు. చివర్లో ఆమె అరచేత్తో కోటు నిమిరి, "చిరుగు ఎక్కడుందో చెప్పండి" అంది. అల్లుడు దాన్ని అలాగే పేజీలో ఎక్కించాడు.

వారం తిరగకముందే ఒక లావుపాటాయన రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. "చెవిలో పూలన్నది నేనేనమ్మా. ఏదీ ఆ కోటు?" కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వేలితో తడిమాడు. "ఇదేనా?"

"అది జేబండీ."

ఆయన నవ్వేసి, చుట్టూ చూసి, సంచిలోంచి ప్యాంటు తీశాడు. మెట్ల మీద ఇంకా అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అల్లుడు హుషారుగా ఫోను ఎత్తాడు. అత్తయ్య ఒక్క చూపు చూసింది.

ఫోను జేబులోకి పోయింది. వచ్చేవాళ్లు గుమ్మం చేరేలోపే ఆమె ప్యాంటు చిరుగును లోపలికి మడిచేసింది.