రెండు సెంటీమీటర్ల పెట్టెకు ముహూర్తం

తమిళనాట మిల్లులుండే పీలమేడులో రసాయనాలు పరీక్షించే చిన్న ప్రయోగశాల ఒకటుంది. ఏ పొడి ఎంత వేడికి తనంతట తాను అంటుకుంటుందో తేల్చడం అక్కడ తిరుమలసామి పని. చదివింది తొమ్మిదో తరగతి. ఇరవై ఏళ్లు మిల్లులో ఫిట్టరు. సన్నటి స్టీలు జాలీని మడిచి రెండు సెంటీమీటర్ల పెట్టె చేస్తాడు; మూలల్లోంచి రవ్వంత పొడి రాలదు. దాన్ని నిండా నింపి, నడుమ వేడి కొలిచే తీగ గుచ్చి, ఓవెన్‌లో వేలాడదీస్తాడు. నిమిషానికి అర డిగ్రీ చొప్పున వేడి పెంచుతూ కూర్చుంటాడు. ఈ కూర్చోవడానికి జీతమెందుకని మొదలాళీకి, అంటే యజమాని దినకరన్‌కు, పదేళ్లుగా సందేహం.

పోయిన ఏడాది కొత్త ఓవెన్ వచ్చింది. పంచాంగం చూసే ఆయన ఆదివారం పదిన్నర నుంచి పన్నెండు దాకా మంచి సమయమన్నాడు. రంగుల ఫ్యాక్టరీ పంపిన పొడిని ఆ లోపలే అతిథుల ఎదుట అంటించాలని దినకరన్ పథకం. ఈ పరీక్షలో వచ్చే అంకెను చూసే ఆ ఫ్యాక్టరీ తన ఆరబెట్టే గదిలో వేడి ఎంత ఉంచాలో నిర్ణయిస్తుంది. ఆ గది పక్కనే పన్నెండుమంది పనిచేస్తారు. ఆహ్వానపత్రికలో ఆ సంగతి లేదు. విందు సంగతి ఉంది.

దినకరన్ తల్లి లక్ష్మియమ్మాళ్ చందనం గిన్నెతో వచ్చి జాలీ పెట్టెకు బొట్టు పెట్టబోయింది.

"దానికి వద్దక్కా. చందనమూ కాలతాది, నా లెక్క తప్పతాది. తలుపుకి పెట్టు, ఎన్ని కావాలన్నా పెట్టు" అన్నాడు తిరుమలసామి.

"సామి బొట్టుకి నీ లెక్క అడ్డమా రా?" అంటూనే ఆమె తలుపుకు మూడు బొట్లు పెట్టింది.

పదిన్నరకు స్విచ్చు నొక్కారు. చప్పట్లు మోగాయి. పదకొండుకు ఓవెన్ నలభై అయిదు డిగ్రీలకు చేరింది. అతిథులు అద్దంలోంచి చూసి, గడియారాలు చూసుకున్నారు.

దినకరన్ తిరుమలసామి చెవిలో గొణిగాడు. "మామా, వేగం పెంచు. పన్నెండులోపల అంటుకోవాల."

"పెంచితే ఓవెన్ ముందు పోతాది, పొడి వెనక నిలస్తాది. అంకె ఎక్కువ వస్తాది మొదలాళీ. అది నమ్మి వాళ్లు గదిలో వేడి పెంచుకుంటారు."

"అదెవురు చూస్తారు? రొంబ పెద్దోళ్లు వచ్చుండారు."

"ఆ గది పక్కన నిలబడేది పెద్దోళ్లు కాదు గదా. కావాలంటే నువ్వే పెంచుకో. కాయితంలో నా సంతకం ఉండదు."

పరీక్ష చేసినవాడి సంతకం లేనిదే నివేదిక చెల్లదు. దినకరన్ అతిథులవైపు తిరిగి, విజ్ఞానానికి ఓపిక అవసరమని పావుగంట ప్రసంగించాడు. అందరూ భోంచేసి వెళ్లారు. పరీక్ష విజయవంతమైందని పన్నెండున్నరకే ఫోన్లలో ఫొటోలు తిరిగాయి. అప్పటికి ఓవెన్ తొంభై డిగ్రీల్లో ఉంది.

తిరుమలసామి కుర్చీ వదల్లేదు. నాలుగూ నలభైకి, ఓవెన్ రెండువందల పదిహేనులో ఉండగా, పొడి వేడి ఉన్నట్టుండి ఎగిసి నాలుగువందలు దాటింది. అదే అంటుకున్నట్టు లెక్క. అతను టైమూ డిగ్రీలూ రాశాడు.

కాగితం చూసి దినకరన్ అదిరిపడ్డాడు. "ఐయో మామా, నాలుగున్నరకే రాహుకాలం వచ్చేసె! కొత్త ఓవెన్‌లో మొదటి నిప్పు రాహుకాలంలోనా? నాలుగూ ఇరవై అని రాయి. ఇరవై నిమిషాలే గదా."

"ఇరవై నిమిషాలంటే పది డిగ్రీలు. అప్పుడు రెండువందల అయిదు రాయాల. ఎందుకింత తక్కువని ఫ్యాక్టరీవాళ్లు కొట్లాటకు వస్తే నువ్వే జవాబు చెప్పుకో."

దినకరన్ రాహువునూ ఫ్యాక్టరీనీ కాసేపు తూచి చూశాడు.

"సరి, ఉండనీ."

నివేదిక ఉన్నదున్నట్టుగా, సంతకంతో వెళ్లింది. చిన్న పెట్టెలో కన్నా పెద్ద కుప్పలో పొడి ఇంకా తక్కువ వేడికే అంటుకుంటుంది కనుక, అప్పటిదాకా నూటతొంభై డిగ్రీల్లో నడిపిన గదిని ఫ్యాక్టరీవాళ్లు నూటఇరవైకి దించారు. సోమవారం దినకరన్ ఓవెన్‌కు నిమ్మకాయ కట్టించాడు. తిరుమలసామి దాన్ని తీగలకు తగలకుండా పక్కకు జరిపి, కొత్త పెట్టె మడవడానికి జాలీ కత్తిరించాడు.