పళ్ళమేస్త్రి, కొండ కాక్టస్

మొక్కలతో మాట్లాడితే పూస్తాయని చెప్పేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మంట. పళ్ళమేస్త్రి తన కాక్టస్‌తో ఏనాడూ ఒక్క మాట మాట్లాడలేదు. దాన్ని కొలిచాడు, అంతే.

ఆయన డాక్టరు కాదు. డాక్టర్లు అచ్చు తీసి పంపితే మెట్ల కింది గదిలో కూర్చుని కట్టుడు పళ్ళు చేసే మనిషి. బల్ల మీద మైనం, రంగుల వారీగా పళ్ళ పెట్టెలు, మూలన ప్లాస్టర్ బస్తా, పళ్ళకు మెరుగు పెట్టే ప్యూమిస్ రాయి. చలికాలం మంచు కురిసే ఆ ఊళ్ళో సగంమంది నవ్వు ఆయన చేతి పనే. తాను మాత్రం పెద్దగా నవ్వడు.

కాక్టస్‌ను బావమరిది తెచ్చాడు. కొండ మీద రోడ్డు పనిలో, తవ్విపోసిన మట్టిలో దొర్లుతుంటే రుమాలులో చుట్టి తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. నిమ్మకాయంత గుండ్రం, ఒంటినిండా బొడిపెలు, ఒక్కో బొడిపె కొసన తెల్లటి ముళ్ళ గుత్తి.

"ఇదేం కానుక అన్నయ్యా, ముట్టుకుంటే గుచ్చుకుంటోంది!"

"మీ ఆయన కంటే నయమే కదమ్మా. ఎప్పటికైనా పూస్తుంది."

కుండీలో మొక్క ఒరిగిపోతోందని మేస్త్రి తనకు తెలిసిన వైద్యం చేశాడు. చుట్టూ ప్లాస్టర్ కలిపి పోశాడు. గంట తిరక్కుండానే కాక్టస్ దవడలో పన్నులా బిగుసుకుంది. "పళ్ళు పీకడం నా పని కాదని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాను" అని గొణుక్కుంటూ సన్న ఉలితో పూటంతా చెక్కి బయటికి తీశాడు. ఈసారి ప్యూమిస్ ముక్కలు, ముతక ఇసుక కలిపి నాటాడు. నీళ్ళు నిలవవు, మొక్క ఒరగదు.

యూనివర్సిటీలో వృక్షశాస్త్రం చెప్పే ప్రొఫెసరమ్మ కట్టుడు పళ్ళ కోసం వచ్చి దాన్ని చూసింది. "అంగళ్ళలో అమ్మే రకమే ఇది. రోడ్డు పనివాళ్ళెవరో పెంచి పారేసుంటారు. వెచ్చటి కిటికీలో పెట్టండి. కొండ జాతి కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కానీ, ఖాయంగా తేల్చాలంటే పువ్వు రావాలి."

అంగడి రకానికి బొడిపెల సందుల్లోంచి మొగ్గ వస్తుంది, కొండ రకానికి బొడిపె కొసనుంచి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, గడ్డకట్టే చలిలో పెడితే అంగడి రకం చస్తుంది. ఆ చలి తగలకపోతే కొండ రకం పూయనే పూయదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు!

మూడేళ్ళు వంటింటి కిటికీలోనే ఉంది. పూయలేదు. మేస్త్రి ప్రతి ఆదివారం పళ్ళు కొలిచే పరికరంతో దాని నడుము కొలిచి గోడ క్యాలెండర్ మీద రాసేవాడు. పోలికకని అంగట్లోంచి ఇంకోటి కొని పక్కన పెట్టాడు. పగళ్ళు పొట్టి కాగానే, నీళ్ళు పోస్తున్నా సరే, బావమరిది తెచ్చింది చలికి సిద్ధపడుతున్నట్టు కుంచించుకుపోయేది. కొన్నది వెంట్రుకవాసి కూడా తగ్గేది కాదు.

నాలుగో ఏడు చలికాలం రాగానే కుండీని బాల్కనీ గోడ మీద పెట్టి, మంచు పడకుండా పైన గాజుపలక పెట్టి, నీళ్ళు మానేశాడు.

"ఏమండీ, అది చచ్చిపోతే?" అంది భార్య.

"మీ అన్నయ్య ఇచ్చింది అంగడి సరుకని తేలుతుంది."

"అంటే, చచ్చినా తప్పు మా అన్నయ్యదేనన్నమాట!"

నడి చలికాలానికి అది ముడతలు పడి, మట్టిలోకి కుంగి, కోటు గుండీ అంత అయింది. ఆవిడ చూడలేక లోపలికి తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. ఆయన తీసుకెళ్ళి మళ్ళీ గోడ మీదే పెట్టాడు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆయనే అన్నాడు: "నాకూ భయంగానే ఉందే. కానీ లోపల పెట్టుకుంటే చచ్చేదాకా దాని పేరు మనకు తెలియదు."

పట్టుదలను పొగిడేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొండివాడికీ పట్టుదల ఉంటుంది. ఈయన తప్పయితే ఏం పోతుందో తెలిసీ పందెం కాశాడు, అదీ మూడేళ్ళ లెక్క చేతిలో పెట్టుకుని. నాకు నచ్చింది అది.

మంచు కరిగాక చెంచాడు నీళ్ళు పోశాడు. వారానికి ముడతలు విప్పుకున్నాయి. ఇంకో రెండు వారాలకు నడినెత్తిన ఎర్రటి చుక్క. నోట్లోకి చూసే చిన్న అద్దం పక్కనుంచి పెట్టి చూశాడు.

"చిగుట్లోంచి కాదు, పన్ను కొసనుంచే!" అని కేకేశాడు.

ప్రొఫెసరమ్మ భూతద్దంతో వచ్చి చాలాసేపు చూసి, "పొరపాటు నాదేనండీ, ఇది కొండదే" అని కొండ జాతి పేరు చీటీ మీద రాసిచ్చింది. మర్నాటి మధ్యాహ్నం గులాబీ రంగు పువ్వు విచ్చుకుంది.

మేస్త్రి భార్య అన్నయ్యకు ఫోన్ చేసింది. అవతలినుంచి ఆయన కంగారుగా, "బతికిందా?" అన్నాడు.

"శుభ్రంగా ఉంది అన్నయ్యా. చచ్చి బతికింది మా ఆయన!"