గుద్దింది, గుద్దించారు

మా తమ్ముడు జనవరిలో పోయాడు. మార్చి చివరికల్లా ఊళ్ళో వాణ్ణి చంపించారు. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో రాయాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను.

మాది వినుకొండ అవతల ఊరు. కాలువ చివరి భూములు. నీళ్ళు రావడం లేదని ఆఫీసులో అర్జీ ఇచ్చి తమ్ముడు మోటారుసైకిలు మీద తిరిగి వస్తున్నాడు. పత్తి వేసుకుని పోతున్న ట్రాక్టరును దాటబోయాడు. ఎదురుగా లారీ వచ్చింది. ఆ లారీ నడిపేది మా వెనక వీధి అతనే. తమ్ముణ్ణి తనే ఎత్తి లారీలో పడుకోబెట్టి నరసరావుపేట ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. రెండో రోజు మధ్యాహ్నం తమ్ముడు పోయాడు. అప్పటిదాకా అతను ఆస్పత్రి వరండాలో మా అమ్మ పక్కన, రక్తం ఎండిన చొక్కాతోనే కూర్చున్నాడు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. తమ్ముడిది సేద్యం. సేద్యం కాక వాడికి గొంతు ఉండేది. ఎరువుల కొట్టుకైనా, తిరునాళ్ళకైనా, ఏ పార్టీ మీటింగుకైనా ఆటోకి మైకు కట్టారంటే అందులోంచి వచ్చేది వాడి గొంతే. ఆ పనిలో కిటుకులు నాకు చెప్పి మురిసిపోయేవాడు.

"అక్కా, ఎవరి పేరూ చెప్పకూడదు. 'కొందరు' అనాలి. అట్లా అన్నామనుకో, వినేవాడు తనకి గిట్టనోణ్ణి తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టుకుంటాడు. ఇంకోటి, జవాబు మనం చెప్పకూడదు. ఎవరు, ఎవరు అని అడిగి ఊరుకోవాలి. జనమే అరుస్తారు. వాళ్ళ నోటితో వాళ్ళు అన్నదాన్ని మళ్ళీ కాదంటారా?"

"తప్పు కదరా?"

"నువ్వు పిల్లలకి వ్యాకరణం చెప్పటంలా? నేను పెద్దోళ్ళకి చెప్తున్నా."

నవ్వాను. అప్పటికి అది నవ్వుకునే మాటే.

వాడు పోయిన కొన్ని వారాలకి ఎన్నికల హడావుడి మొదలైంది. సెలవు రోజుల్లో నేను ఊరికి వెళ్ళి అమ్మ దగ్గర ఉండేదాన్ని. ఒక ఉదయం కళ్ళంలో ఇద్దరం మిరపకాయల ముందు కూర్చుని తాలు ఏరుతున్నాం. తెల్లబడిన కాయల్ని వేరు చేసి పక్కన పడేస్తున్నాం. రోడ్డు మీద నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"మన కాలవ. మన నీళ్ళు. మనకి రాకుండా చేస్తున్నది ఎవరు?"

పాత క్యాసెట్టు. దాని వెనకే కొత్త గొంతు ఒకటి: "ఈ గొంతు మూగబోవడానికి కారణం ఎవరు?"

అమ్మ లేచి, ఎండబోసిన కాయల్ని తొక్కుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళింది. మాలో ఎవరైనా ఒక్క కాయ తొక్కితే ఊరుకునే మనిషి కాదు ఆమె. ఆటో ఆగింది. తమ్ముడితో కలిసి చదువుకుని, ఇప్పుడు మా ఊళ్ళో ఆ ఆటో తిప్పుతున్న పార్టీ పనులు చూస్తున్న అతను దిగాడు. "అమ్మకి మళ్ళీ వినిపించరా," అని ఆటో అతనికి చెప్పాడు. మూడుసార్లు వేయించాడు. అమ్మ మైకు కింద నిలబడి తలెత్తి వింది.

మర్నాటి నుంచి ఆటో రోజూ మా ఇంటి ముందు ఆగేది. తమ్ముడి స్నేహితుడు లోపలికి వచ్చి నేల మీదే కూర్చునేవాడు. "అన్నం ఉందా అమ్మా?" అని అడిగి తినేవాడు. తమ్ముడి మాట వస్తే ఏడ్చేవాడు. ఆ ఏడుపు అబద్ధమని నేను అనను. నిజమైన ఏడుపుతో కూడా పని జరిపించుకోవచ్చని మాత్రం అప్పుడే చూశాను.

"ఆ లారీ ఎవరిదమ్మా?" అని అడిగాడొకసారి.

అవతలి పార్టీలో తిరిగే మిల్లు యజమానిదని ఊరందరికీ తెలుసు. అమ్మ చెప్పింది.

"మనవాడు అర్జీ ఇచ్చింది కూడా ఆ రోజే కదూ?"

"ఆ రోజే నాయనా."

"నేనేం అనట్లేదమ్మా. అడుగుతున్నానంతే."

చంపారన్న మాట అతను ఒక్కసారి కూడా అనలేదు. ఆ అవసరం అతనికి రాలేదు. ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు అమ్మ "లారీ గుద్దింది" అనేది. మార్చి మొదట్లో పలకరించడానికి వచ్చినవాళ్ళతో "లారీతో గుద్దారు" అంది. ఇంకో వారానికి "గుద్దించారు" అంది. ఏటా తరగతిలో నేను చెప్పే పాఠమే ఇది. క్రియకు 'ఇంచు' చేరిస్తే చేసేవాడి వెనక చేయించేవాడు పుడతాడు. వాడి పేరు చెప్పకపోయినా తెలుగులో వాక్యం నిలబడుతుంది.

నేను దీనికి అతీతంగా ఉన్నానని చెప్పుకోను. రెండు రోజులు నేనూ నమ్మాను. వరండాలో ఆ లారీ అతను మా కళ్ళలోకి ఎందుకు చూడలేదు, ఇంటికి కూడా వెళ్ళకుండా మా దగ్గరే ఎందుకు కూర్చున్నాడు అని వెతకడం మొదలుపెట్టాను. అంతకుముందు నాకు దయగా కనిపించినవన్నీ సాక్ష్యాలుగా మారిపోయాయి. కొత్త సంగతి ఒక్కటీ తెలియలేదు. పాత సంగతులే తిరగబడ్డాయి. అది గమనించినప్పుడు నాకు భయం వేసింది.

ఆదివారం సాయంత్రం సెంటర్లో మీటింగు పెట్టారు. అమ్మ స్టేజీ మీద కూర్చోవాలి, తన నోటితో ఒక్క మాట చెప్పాలి. ఆ ఉదయం బోరింగు దగ్గర లారీ అతని భార్య నా బిందె పక్కన తన బిందె పెట్టింది.

"టీచరమ్మా, మా ఆయన ఇంటికి రావటం మానేశాడు. తాడేపల్లిలో లారీలోనే పడుకుంటున్నాడు. మొన్న కళ్ళంలో మా కాయల మీద నీళ్ళు పోశారు. అంతా నల్లబడిపోతోంది. ఇయ్యాల మీటింగు అయ్యాక ఏం పోస్తారో?"

ఇంటికి వచ్చి అమ్మకు అంతా చెప్పాను. పేరు లేని 'కొందరు' గురించి, జవాబు ఇవ్వని ప్రశ్న గురించి, తమ్ముడు నాకు చెప్పినవన్నీ చెప్పాను.

"అయితే వాడు ఊరికే పోయాడంటావా?" అంది అమ్మ.

దానికి జవాబు తమ్ముడి స్నేహితుడి దగ్గర ఉంది. అందుకే అమ్మ రోజూ అతని కోసం ఎదురుచూసింది.

మధ్యాహ్నం నేను వెళ్ళి లారీ అతని భార్యను పిలుచుకొచ్చాను. అమ్మ అప్పటికే ఉతికిన చీర కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. ఆమె గడప బయటే ఆగిపోయింది.

"పెద్దమ్మా, మా ఆయనేనా? నా మొహం చూసి చెప్పు."

"మీ ఆయన్ని అనలేదే నేను."

"మరి ఎవర్నన్నావు?"

అమ్మ చీర కొంగు సరిచేసుకుంది.

"గుద్దించారంటున్నావంట. స్టీరింగు మా ఆయన చేతిలోనే ఉంది. చేయించినోడు ఎవడో నీకు తెలీదు. చేసినోడు ఎవడో ఊరందరికీ తెలుసు. మరి వాళ్ళు ఎవరింటికొస్తారు? మిల్లు కాడికి పోతారా, నా కాడికొస్తారా?"

బయట జీపు హారను మోగింది. తమ్ముడి స్నేహితుడు లోపలికి వచ్చి, ఆమెను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"అమ్మా, టైమైంది."

"చేయించినోడి పేరు చెప్పు నాయనా," అంది అమ్మ. "పేరు చెప్తే వచ్చి నేనూ చెప్తా."

"పేరెందుకమ్మా? జనానికి తెలుసు."

"నాకు తెలీదు."

"పోనీ మాట్లాడొద్దులే. వచ్చి కూర్చో, చాలు."

"కూర్చుంటే అన్నట్టే కదయ్యా."

అతను నా వైపు తిరిగాడు. "అక్కా, ఇదంతా నువ్వేగా? చదువుకున్నోళ్ళతో వచ్చిన గొడవే ఇది. సొంత తమ్ముడి కోసం నీకింత బాధ కూడా లేదు." అనేసి వెళ్ళిపోయాడు.

జీపు చప్పుడు దూరమయ్యాక అమ్మ లేచి చెప్పులేసుకుంది. "పద," అంది ఆమెతో.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"మీ ఇంటికి. తడిసిన కాయలు ఏరొద్దూ?"

వెనక వీధిలో, రోడ్డు వైపున్న వాళ్ళ అరుగు మీద అమ్మ కూర్చుంది. ముందు కాయలు కుప్పగా పోయించుకుని, బూజు పట్టినవి పక్కకు తీయసాగింది. నేనూ కూర్చున్నాను. సెంటర్లోంచి తమ్ముడి గొంతు వచ్చింది. తర్వాత ప్రశ్న. తర్వాత జనం జవాబు. ఏమని అరిచారో మాటలు తెలియలేదు. అమ్మ తల ఎత్తలేదు, చేతులు మాత్రం ఆగాయి.

ఇంకా వెలుతురు ఉండగానే మీటింగు అయిపోయింది. పాతిక ముప్పై మంది మా వైపు వచ్చారు. కొందరు బండ్ల మీద, కొందరు నడిచి. ఒకడి చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంది. అమ్మను చూసి ముందున్నవాళ్ళు ఆగిపోయారు. వెనకవాళ్ళు వాళ్ళకు తగిలారు.

"అమ్మా, నువ్విక్కడేంటి?"

"కాయలు తడిశాయి. ఏరుతున్నా."

"లేచి పక్కకి రామ్మా."

"ఎందుకురా? నా కొడుకు కోసమేగా వచ్చారు. నేనిక్కడే ఉన్నా, చెప్పండి."

వెనక నుంచి ఎవడో నినాదం ఎత్తాడు. ఎవరూ అందుకోలేదు. వాడు రెండోసారి ఎత్తి, సగంలో వదిలేశాడు. డబ్బా పట్టుకున్నవాడు దాన్ని పక్కవాడికి ఇవ్వబోతే పక్కవాడు తీసుకోలేదు. ఒక బండి వెనక్కి తిరిగింది. తర్వాత మిగిలినవి. చివరి బండి మలుపు తిరిగేదాకా అమ్మ అరుగు దిగలేదు.

లారీ అతని భార్య లోపలి నుంచి గిన్నెలో మజ్జిగ తెచ్చి, కారపు మంటకు పనిచేస్తుందని అమ్మ చేతుల మీద పోసింది. అమ్మ చేతులు చాచి కూర్చుంది.

"ఇంక వాడి గొంతేసుకుని ఆటో మన వీధిలోకి రాదు కదే?" అని నన్ను అడిగింది.

రాదని చెప్పాను.