అక్క నాలుక తప్పు చెప్పలేదు

ఎనిమిదేళ్లుగా ఒక డబ్బా మోస్తున్నాను. కిలో బరువు కూడా లేని ప్లాస్టిక్ డబ్బా. యాభై కిలోల మూటలు ఎత్తి దించే ఇంట్లో పుట్టినవాణ్ణి, దీన్ని మాత్రం దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర నోరు విప్పితే బేరం మొదలుపెట్టేస్తాను: తప్పు మరీ అంత పెద్దదా, అందులో నా వంతు ఎంత, కాస్త తగ్గించుకోరాదా అని. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

ఈ కన్నడ ఊళ్లో, కాటన్‌పేటలో మాది పప్పుల కొట్టు. తాత పెట్టాడు. నాన్న పోయాక అక్కా నేనూ నడిపాం. మర్యాదకు అలా అంటున్నాను గానీ నడిపింది అక్కే. నేను మాట్లాడేవాణ్ణి, ఆమె రుచి చూసేది. దళారి సరుకు పొట్లం విప్పగానే రెండు గింజలు నోట్లో వేసుకుని, దవడపంటితో కొరికి, కళ్లు మూసుకునేది. ఆ కాసేపు కొట్లో ఎవరూ దగ్గేవారు కూడా కాదు. పాతది అంటే పాతదే. తడి తగిలింది అంటే దళారి పొట్లం మడుచుకుని మెట్లు దిగిపోయేవాడు. కొందరు ముందు వీధిలో నిలబడి అక్క లోపల ఉందా లేదా అని తొంగి చూసేవారు. లేకపోతే వాళ్ల ముఖాలు వెలిగిపోయేవి. ఎదురుగా నేనొక్కణ్ణే ఉంటానని కదా.

ఆ రోజుల్లో ఆమె తినడం ఎంత బాగుండేదని! పొద్దున్నే ప్లేటులో ఒకవైపు ఉప్మా, ఇంకోవైపు కేసరి. ఒబ్బట్టు మీద నెయ్యి ధార ఆగితే చెయ్యి ఊపి, ఇంకా పొయ్యమనేది. శనగలు వేయించే రోజు కొట్టంతా కమ్మటి వాసన, ఆమె ఒళ్లో వేడి పుట్నాలు, నోట్లో బెల్లం ముక్క. ఇప్పటికీ ఆ వాసన వస్తే ముందు సంతోషం వేస్తుంది. ఆ తర్వాతే డబ్బా గుర్తొస్తుంది.

బరువు పెరిగింది. షుగరొచ్చింది. మోకాళ్లు మెట్లెక్కనివ్వలేదు. చివరికి పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించాం. కడుపు అరటికాయంత మిగిలిందన్నారు. ఆహారం సంగతి చూసే అమ్మాయి కాగితం మీద రాసి మరీ చెప్పింది: గుక్కగుక్కగా తాగాలి, తినేటప్పుడు నీళ్లు వద్దు, ఏది తిన్నా ముందు ప్రొటీన్ ఉన్నది తినాలి. మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. కాబట్టి పెరుగు, పనీరు, వాటికంటే ముఖ్యంగా డబ్బా పొడి రోజుకు మూడుసార్లు. ఆ పొడి తెచ్చి కలిపి ఇచ్చే పని నాది.

మొదటి డబ్బా నిజమైనదే కొన్నాను. మందుల షాపువాడు రేటు చెప్పాడు. నేను అలవాటుగా సగం చెప్పాను. వాడు నవ్వాడు. వెనక నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు. ముద్రించిన ధరకు నోరు మూసుకుని వస్తువు కొనడం మా వంశంలో లేదు. ఇంటికొచ్చి పొడి వాసన చూశాను, నాలుక మీద వేసుకున్నాను. పాలపొడి, ఏదో పిండి, కాస్త వెనిల్లా. ఇంతే కదా అనిపించింది. మా కొట్లో పుట్నాలు లేవా? పుట్నాల్లో ప్రొటీన్ లేదా? వాడు డబ్బాలో పోసి అమ్మితే మందు, నేను బస్తాలోంచి తీస్తే పిండా?

డబ్బా ఖాళీ కాగానే పుట్నాలు మెత్తగా పట్టించి, పాలపొడి కలిపి, వెనిల్లా చుక్కలు వేసి అందులో నింపాను. లోపలి చెంచా కూడా అదే. అయిపోయినప్పుడల్లా మళ్లీ నింపాను. డబ్బుకోసమా? ఆ డబ్బు మాకు లెక్క కాదు. ఆ నవ్వులకు జవాబు చెప్పాలనిపించింది. చెప్పాను కూడా, ఎవరూ వినని చోట.

రెండో రోజో మూడో రోజో, అక్క గ్లాసు పట్టుకుని ఆగిపోయింది.

"రేయ్, దీంట్లో మన పుట్నాల వాసన ఉండాది గదప్పా?"

"ఎక్కడుండాది? డబ్బా చూడు, అదే డబ్బా."

"డబ్బా సరే. దోరగా ఏంచినట్ల ఉండాది. పోయిన వారం మనం ఏంచిన వాసన."

"ఆపరేషన్ అయినాక నాలుక మారతాదని ఆయమ్మ చెప్పలేదా? నీ నాలుకే నిన్ను మోసం చేస్తాండాదక్కా."

ఇంకో గుక్క నోట్లో తిప్పింది. చాలాసేపు తిప్పింది. కొట్లో గింజలు కొరికినప్పటిలాగే కళ్లు మూసుకుంది. తర్వాత నవ్వేసింది.

"అట్లయితే పోయిందిలే నాయనా. నాలుక కూడా కోసేసినట్లుండారు."

నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? ఆ క్షణాన చెప్పి ఉంటే ఒక తిట్టుతో పోయేది. ఆమె తిట్లు నాకు కొత్తా?

గోడౌన్లో ఏ మూల ఎన్ని బస్తాలు పడతాయో కళ్లు మూసుకుని చెప్పగలను. అరటికాయంత కడుపులో చోటే అన్నిటికంటే ఖరీదైనదని మాత్రం నాకు తట్టలేదు. ఒక్క చెంచాలో ఆ డబ్బా ఇచ్చే బలం ఇవ్వాలంటే నా పొడి ఎన్నో చెంచాలు పోయాలి. అది కడుపులో ఉబ్బి కూర్చునేది. పెరుగు, పనీరు ముట్టనిచ్చేది కాదు. రోజుకు ఆరుసార్లు తినాల్సిన మనిషి మూడుసార్లకే చాలనేది. నేనేమో ఆమె ముఖం చిట్లించకుండా తాగుతోందని మురిసిపోయాను.

మూడో నెలకు జుట్టు దువ్వెన నిండా వచ్చింది. పాదాలు ఉబ్బాయి. ఒకరోజు కొట్టు మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. రక్తపరీక్షలో ప్రొటీన్ బాగా తగ్గిందన్నారు. రోజూ తాగుతున్నారా, నిజం చెప్పండమ్మా అని అడిగింది ఆహారం సంగతి చూసే ఆ అమ్మాయి. మూడుపూటలా తాగుతున్నానంది అక్క. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. అక్క మళ్లీ అదే చెప్పింది. బావ కిటికీ వైపు చూస్తూ, సింకులో పారబోస్తోందేమో, ఆ వాసన ఆమెకు పడదు అన్నాడు. ఒక్క మాటతో సరుకు వెనక్కి పంపించిన మనిషి అక్క. ఆమె మాట ఎవరూ నమ్మలేదు. అక్క నా వైపు తిరిగింది. రోజూ గ్లాసు కలిపి ఇచ్చేది నేనే కదా, సాక్ష్యం చెబుతానని.

తాగుతోంది అన్నాను. అంతే. ఏం తాగుతోందో చెప్పలేదు.

వారం రోజులు ఆసుపత్రిలో ఉంచుకున్నారు. నేను ఇంటికి పరుగెత్తి ఆ పొడి పారబోశాను. నాలుగు డబ్బాలు కొన్నాను, ముద్రించిన ధరకే, నోరెత్తకుండా. అక్క కోలుకుంది. జుట్టు మళ్లీ వచ్చింది. ఇప్పుడు చకచకా మెట్లెక్కుతుంది, చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు. అప్పుడు నేనే సింకులో పారబోసి ఉంటానేమో, ఒంట్లో బాగాలేక తెలియలేదేమో అని ఆమే అంటుంటుంది. తనను తనే అనుమానిస్తుంది. నేను వింటూ ఉంటాను.

కొట్టుకు వస్తుంది, కూర్చుంటుంది. గింజ మాత్రం నోట్లో వేసుకోదు. దళారి పొట్లం విప్పితే నా వైపు జరుపుతుంది. నా నాలుక పోయింది, నువ్వు చూడప్పా అంటుంది. నాకేం తెలుసు? కొరుకుతాను, కళ్లు మూసుకుంటాను, ఏదో ఒకటి చెబుతాను. దళారులు వాదిస్తారు. ఎక్కువసార్లు వాళ్లే గెలుస్తారు.

చెప్పాలని రెండుసార్లు ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఒకసారి నోటిదాకా వచ్చింది. నన్ను క్షమిస్తుందేమోనని భయం వేసింది. తేలిగ్గా, నవ్వుతూ, పోనీలేప్పా అనేస్తుంది. అలా అనిపించుకోవడానికేనా చెప్పేది? లేక ఆమె నాలుక ఆమెకు తిరిగి ఇవ్వడానికా? రెండోదే అయితే ఇన్నేళ్లు ఎందుకు ఆగాను?

ఒక సంగతి దాచకూడదు. మేమంతా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అక్క చదివింది కన్నడ బడిలో. తెలుగు అక్షరం ఆమెకు రాదు. నన్ను చిన్నప్పుడు హిందూపురంలో మేనమామ ఇంట్లో ఉంచి చదివించారు కాబట్టి నాకు వచ్చింది. ఇది తెలుగులోనే ఎందుకు రాశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఒప్పుకున్నట్టూ ఉండాలి, ఆమె చేతికి చిక్కకుండానూ ఉండాలి. ఇంతకంటే సిగ్గుమాలిన బేరం నేను ఎప్పుడూ ఆడలేదు.

అయినా రాస్తున్నాను. పుట్నాల పొడి పోసింది నేను. అక్క కనిపెట్టింది. కాదన్నాను. ఈ మూడు మాటలు ఇంతవరకు దేవుడి ముందు కూడా ఒక్కచోట పెట్టలేదు. ఇప్పుడు పెట్టాను. కాస్త తేలిగ్గా ఉంది. ఉండకూడదేమో. ఉంది.