ఐదింటి బోణీ

మా జాలరిపేట చిట్టెమ్మ బోణీ బేరాన్ని కాదనదు. తెల్లారి మొట్టమొదట వచ్చిన మనిషి ఎంత గీచిగీచి బేరమాడినా నవ్వుతూ ఇచ్చి పంపాల్సిందే. బోణీ మనిషిని ఉత్తచేతులతో పంపితే ఆ రోజంతా గంప కదలదని వాళ్లమ్మ చెప్పిందట. ఒకసారి నేను కావాలనే సగం ధరకి అడిగి చూశాను. "మీ గోదారోల్లకి నోరు పెద్దది, సెయ్యి సిన్నదమ్మా!" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వి, వంజరం చేప ముక్క కోసిచ్చింది.

ఇరవై ఏళ్లుగా ఆవిణ్ణి చూస్తున్నాను. మొగుడు బోటెక్కితే పదిహేను రోజులకి గానీ ఒడ్డుకి రాడు. చదువు రాదు, వేలిముద్రే. కానీ ఆ గొంతు ఉంది చూశారూ, వీధి మొదట్లో "సేపలో..." అంటే మూడో అంతస్తులో పాలు పొంగించుకుంటున్న నాకు వినబడుతుంది. ఆ గొంతు మీదే ఇల్లు నడిపింది, ఒక్కగానొక్క కూతురు ధనశ్రీని ఇంటర్ రెండో ఏడు దాకా లాక్కొచ్చింది.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. తప్పంతా అక్కడే మొదలైంది. నా పేరు గౌరీశ్వరి. రెండేళ్ల కిందట నా మోకాళ్లు మొరాయించాక, "ఎందుకే తల్లీ గంప మోస్తావు?" అని చిట్టెమ్మ పేరిట వాట్సాప్ గ్రూపు పెట్టాను. ఫోను ధనశ్రీ చేతిలో ఉండేది. రోజూ ఏ చేపలు పడ్డాయో అందులో పెట్టేది, అడిగినవాళ్లకి జవాబిచ్చేది. గ్రూపుకి ఫోటో కావాలంటే, ఆ పిల్ల వంజరాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని నవ్వుతున్నది నేనే తీసి పెట్టాను. చేరడానికి లింకు మా వీధిలో ప్రతి లిఫ్టులోనూ అంటించాను. ఎవరు చేరుతున్నారో ఏనాడైనా చూశానా? లేదు. రెండు వందలు దాటారని అందరి దగ్గరా గొప్పలు పోయాను.

మొన్న గురువారం పొద్దున తొమ్మిదిన్నరకి ధనశ్రీ రొయ్యల కవరు తెచ్చింది. కవరు చెప్పుల స్టాండు మీద పెట్టి అలాగే నిలబడింది.

"ఆంటీ, గ్రూపు తీసేయండి."

"తీసేయడమేంటే?"

"తీసేయండాంటీ. ఇయాలే. పన్నెండు లోపల తీసేయండి."

అవతల పొయ్యి మీద పోపు మాడుతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏం, నాలుగు ఇంగ్లీషు ముక్కలు రాగానే చేపల బేరం నామోషీ అయిందా? మీ అమ్మ పొట్ట కొడతావుటే?" అన్నాను. నా నోరు పడిపోను!  ఆ పిల్ల పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అది కూడా చూశాను, చూసి ఊరుకున్నాను. మెట్లు దిగిపోయింది. బాల్కనీలోంచి చూస్తే కాలేజీ బస్సాగే వైపు కాక, సముద్రం వైపు తిరిగింది. ఇంటికి పోతోందనుకున్నాను.

పది నిమిషాల తర్వాత చెప్పుల స్టాండు మీద ఏదో బర్రుమంది. కవరు కింద ధనశ్రీ ఫోను. తాళం వేసిన తెర మీదే మెసేజి కనబడుతోంది. పైన పేరు: వాసు బోణీ.

"బయల్దేరావా? పదకొండుకి రుషికొండ బస్టాపు. ఒక్కదానివే రావాలి. రాకపోతే పన్నెండుకి ఆ ఫోటో మీ అమ్మ కస్టమర్లందరికీ."

 ఈ వాసు నాకు తెలుసు. అంటే, తెలుసనుకున్నాను. రోజూ తెల్లారి ఐదింటికల్లా గ్రూపులో "బోణీ నాదే" అని పెట్టేవాడు. మొదటి వారం నిజంగానే కొన్నాడు, ఎవరో బండి మనిషి చేత తెప్పించుకున్నాడు. మనిషి ముఖం చూసినవాళ్లు లేరు. బుద్ధిమంతుడని నేనే మెచ్చుకున్నాను కూడా.

ఫోను ఇక్కడుందంటే రుషికొండ వెళ్లలేదన్నమాట. హమ్మయ్య అనుకోబోయాను.  కానీ ఈ కాలం పిల్ల అన్నం మానేస్తుంది గానీ ఫోను వదులుతుందా? మరి ఫోను వదిలేసి సముద్రం వైపు ఎందుకు వెళ్లింది?

పొయ్యి ఆపానో లేదో గుర్తు లేదు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని పరిగెత్తాను. మోకాళ్ల నొప్పులు ఎటు పోయాయో. దారి పొడుగునా దేవుళ్లందరినీ తలుచుకున్నాను, నన్ను నేను తిట్టుకున్నాను.

ఒడ్డున చిట్టెమ్మ చేప కోస్తోంది. "ధనశ్రీ ఇంటికొచ్చిందా?" అన్నాను. "కాలేజీకెల్లినాది గదమ్మా," అంది. ఫోను చూపించి, అందులో ఉన్నది చదివాను. చిట్టెమ్మ లేచింది. ఎటు వెళ్లాలో తెలియక అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేసింది. తర్వాత సముద్రం వైపు తిరిగి పిలిచింది.

"ధనా...! ఒలే ధనా...!"

చేపలమ్మే గొంతు అది. కానీ అందులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. వలలు బాగుచేసుకునే మగవాళ్లు పని ఆపి లేచారు. పిలుస్తూ, పరిగెడుతూ, పడవ పడవ వెనకా చూశాం. ఒక్కో పడవ వెనకా ఎవరూ లేకపోయేసరికి నా పైప్రాణాలు పైకే పోయాయి. ఆఖరి పడవ అవతల ధనశ్రీ కూర్చుని ఉంది. నడుం దాకా తడిసి ఉంది. ఎందుకు తడిసిందో మేమిద్దరం అడగలేదు.

కొడుతుందేమోనని నేను చిట్టెమ్మ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ కూతురి పక్కన కూలబడి, తన కొంగుతో దాని కాళ్లు తుడవడం మొదలుపెట్టింది. "ఏటైనాదే? ఆడెవుడే?"

పిల్ల వెక్కుతూ చెప్పింది. మొదట చేపల సంగతే అడిగేవాడట. తర్వాత ఏం చదువుతున్నావు, తిన్నావా, నీ గొంతు బాగుంటుంది. నిన్న వీడియో కాల్ చెయ్యమన్నాడట. చెయ్యనంది. గంటలో ఫోటో వచ్చింది. నేను తీసిన వంజరం ఫోటోలోంచి ముఖం కోసి, బట్టల్లేని ఎవరి ఒంటికో అతికించాడు.

"మొదట్లోనే సీ పొమ్మనకపోనావా? ఎందుకు మాటాడినావే?"

"బోణీ బేరం కాదనకూడదని నువ్వే సెప్పినావు గదమ్మా."

 కొంగు పట్టుకున్న చిట్టెమ్మ చెయ్యి అలాగే ఆగిపోయింది. నేను తలొంచుకున్నాను. ఫోటో నాది, గ్రూపు నాది, పొద్దున తిట్టిన నోరూ నాదే. "నన్ను క్షమించవే తల్లీ, నీ తప్పు రవ్వంత లేదు," అని ఏడ్చేశాను.

సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేశాను. అవతల మాట్లాడినావిడ ఏదీ చెరపొద్దు, వాడికి జవాబివ్వొద్దు, అన్నీ తెర ఫోటోలు తీసి ఉంచుకుని దగ్గర్లో ఉన్న స్టేషనుకి వెళ్లండి అంది. అప్పటికే పదకొండుం పావు. వాడు బస్టాపులో ఎదురుచూస్తూ ఉంటాడు, లేదా ఎక్కడో కూర్చుని గడియారం చూస్తూ ఉంటాడు. "గ్రూపు మూసేయనా?" అన్నాను.

"మూసేత్తే ఆడు ఒక్కొక్కల్లకీ పంపుతాడు గదాంటీ," అంది ధనశ్రీ.

చిట్టెమ్మ చెయ్యి చాపింది. "ఇలాగియ్యి. మాటాడాలంటే యాడ నొక్కాల?"

"అందరికీ మనమే చెప్పుకుంటామా చిట్టెమ్మా? పరువు..."

"ఆడు సెప్తే ఆడి మాటమ్మా. నాను ముందు సెప్తే నా మాట."

ధనశ్రీ వంక చూసింది. ఆ పిల్ల అరచేత్తో ముఖం తుడుచుకుంది. తర్వాత తల్లి వేలు పట్టుకుని మైకు బొమ్మ మీద పెట్టింది.

"అమ్మా, బాబూ, నాను సేపల చిట్టెమ్మని. నా కూతురు గుంట మొకం కోసి ఎవుడో దొంగసచ్చినోడు పాడు బొమ్మకి అతికించినాడు. పన్నెండుకి మీకు పంపుతాడంట. వత్తే తెరవకండి, ఎవులికీ పంపకండి. ఆ నంబరు మట్టుకు గౌరీశ్వరమ్మకి సెప్పండి. నా గుంట ఏ తప్పూ సెయ్యనేదు. ఓరే వాసూ, నువ్వూ ఇంటన్నావు గదా. మా అమ్మ కాడ్నించీ మా ఇంట బోణీ బేరం ఎవులం కాదన్నేదు. ఇయాల నాను కాదంతన్నాను. నీకు నా ఇంట బోణీ నేదు. పోరా!"

వేలు తీసింది.  రెండు వందల మందిలో ఒక్కరూ పలకలేదు. విన్నవాళ్ల పేర్లు మాత్రం పెరుగుతున్నాయి. నవ్వుకుంటున్నారా, మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకుంటున్నారా? పన్నెండు దాకా ముగ్గురం ఆ ఇసకలోనే కూర్చున్నాం. ధనశ్రీ గోళ్లు నా మణికట్టులో దిగబడ్డాయి.

పన్నెండు దాటిన రెండు నిమిషాలకి నా ఫోను మోగింది. కింద ఫ్లాటు గవర్రాజు గారు, ఎనభై ఏళ్లాయన. "అమ్మా, ఏదో ఫోటో వచ్చింది. తెరవలేదు. నంబరు రాసుకో," అన్నారు. వెనకే ఇంకొకరు, ఇంకొకరు. పదకొండు మంది నంబరు చెప్పారు. అందరూ ఒకే నంబరు. చూసినవాళ్లు లేరని నేను ఒట్టు పెట్టలేను. కానీ మర్నాడు చేపలు కొనడం ఎవరూ మానలేదు.

పోలీసులు కాగితం రాసుకున్నారు. వాడింకా దొరకలేదు. లిఫ్టుల్లో లింకులన్నీ గోటితో గీకి పీకేశాను. గ్రూపులో ముఖం తెలియని ప్రతివాణ్ణీ తీసేశాను, వంజరం ఫోటో కూడా తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. ఇప్పటికీ ఫోను బర్రుమంటే చిట్టెమ్మ ఉలిక్కిపడుతుంది.

నిన్న తెల్లవారుజామున ఐదింటికి నిద్రపట్టక, పిల్ల ఎలా ఉందోనని, నేనే మెసేజి పెట్టాను. "ధనా, ఈ రోజు బోణీ నాది. అర కేజీ రొయ్యలు."

 జవాబు వచ్చింది.

"మీరు ఆంటీయేనా? గొంతు వినిపించండి. అప్పటిదాకా ఇవ్వను."

ఇరవై ఏళ్ల ఖాతాదారుని! ఒక్క క్షణం రోషమొచ్చింది. తర్వాత మైకు నొక్కి, "నేనేనే తల్లీ, గౌరీశ్వరిని," అన్నాను.