చిన్నాయన పడవ ఎక్కిన రేవు

మా రాజపాళయం వాచకశాలలో కిటికీ పక్కన ఒక పొడవాటి బల్ల ఉండేది. నేను బడిలో చదివింది కొంచెమే. మిగిలిందంతా, మిల్లులో పని దిగాక, తల మీది దూది దులుపుకుని వెళ్లి ఆ బల్ల దగ్గర చదువుకున్నాను. అరవం బాగా వచ్చు, ఇంగ్లీషు కూడబలుక్కునేవాణ్ణి. మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకు కూడా అక్షరాలున్నాయని అక్కడే ఒక చిరిగిన వాచకంలో చూసి, ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. ఆ సంగతి ఇప్పుడు రాస్తున్నా నాకు గర్వంగానే ఉంది.

సముద్రం చూడకముందే తూత్తుకుడి నాకు తెలుసు. జిల్లా గురించి ఎవరో దొర రాసిన లావుపాటి పుస్తకంలో ఆ ఊరు మొత్తం ఉంది. ముత్యాల కోసం వచ్చినవాళ్లు, వాళ్లను తరిమి వచ్చిన ఒలందావాళ్లు, అంటే డచ్చివాళ్లు, వాళ్ల చర్చిగుడి, వాళ్ల సమాధులు, శంఖాల కొట్లు, ఉప్పు కుప్పలు. అక్కడ తీరం లోతు లేనిది కాబట్టి పెద్ద ఓడలు ఒడ్డుకు రావనీ, దూరంగా నిలబడితే జనం పడవల్లో వెళ్లి ఎక్కుతారనీ కూడా ఆ పుస్తకమే చెప్పింది. ఈ చివరి సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చిన్నాయన రైలు దిగినట్టే ఓడ ఎక్కేసి ఉంటాడని అనుకునేవాళ్లు.

చిన్నాయన మా నాయనకు తమ్ముడు. పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో, నేను చిన్నవాడిగా ఉండగా, సిలోనులో ఒక తేయాకు తోటలో పనికని బయలుదేరాడు. తోట దొరకు మా ఊరి కుక్కలంటే ఇష్టమని ఎవరో చెబితే, ఒక ఆడ కుక్కపిల్లను చంకన పెట్టుకుని వెళ్లాడు. తెల్లటి ఒళ్లు, గులాబిరంగు ముక్కు, మా ఊళ్లో తప్ప ఎక్కడా పుట్టని జాతి. అంతే. తర్వాత కబురు లేదు. ఆ పేరుతో ఎవరూ రాలేదని తోట నుంచి జవాబు వచ్చింది. మదురైలో పూల అంగడి దగ్గర గడ్డంతో చూశానని సత్రపట్టి మనిషి ఒకడు చెప్పాడు. బండి దారిలోనే దిగిపోయి ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఇంకొకరు. ఆ మాటలన్నీ మా చిన్నమ్మ, అంటే ఆయన భార్య, పొయ్యి దగ్గర కూర్చుని వింటూ ఉండేది.

పన్నెండేళ్లు కబురు లేని మనిషికి దర్భతోనూ మోదుగాకులతోనూ బొమ్మ చేసి కాల్చడం మా ఆచారం. ఆ గడువు నిండింది. చివరగా పోయిన ఊరి ఒడ్డునే చెయ్యాలని పెద్దలు తేల్చారు. చిన్నాయనకు పిల్లలు లేరు కాబట్టి నిప్పు పెట్టవలసింది నేను.

చిన్నమ్మ ఒకే మాట అంది.

"బావా, మీరు చెప్పినట్టే వస్తా. అయితే ఆయన పడవ ఎక్కినాడా లేదా? అది తెలియకుండా నా మెడ మీద ఎవరి చెయ్యీ పడకూడదు. బతికుండేవాడికి నన్ను ముండమోపిని చేస్తారా?"

నాయన నేల చూశాడు. "అది ఇప్పుడెట్ల తెలుస్తుందమ్మా?"

"ఆ ఎక్కిన చోటన్నా చూడల్ల. ఈడు చూపిస్తాడులే, పుస్తకాలన్నీ తిన్నోడు" అని నా వైపు తల ఊపింది.

విరుదుపట్టిలో బండి మారి తూత్తుకుడిలో దిగాం. నాయన, చిన్నమ్మ, నేను. నా భుజం మీద మూట. అందులో దర్భ, కొండ కింద కోసుకొచ్చిన మోదుగాకులు. బరువు లేదు. అయినా దాన్ని నేల మీద పెట్టాలంటే చెయ్యి రాలేదు. అందులోంచే చిన్నాయన తయారవుతాడు మరి. పురోహితుడు మధ్యాహ్నం ఒడ్డుకు వస్తానన్నాడు. అంతవరకూ ఊరు నాది.

యుద్ధం రోజులు. బాంబులు పడతాయని సగం ఊరు తాళాలు వేసుకుని లోపలి పల్లెలకు వెళ్లిపోయింది. నేను పుస్తకంలో చదివిన వీధులు అక్కడే ఉన్నాయి, మనుషులే లేరు. పగడపురాయి గోడల మీద సున్నం పెళ్లలు ఊడి, లోపలి చిల్లులు కనిపిస్తున్నాయి. ఉప్పుగాలికి ఎక్కడో ఒక తలుపు కొట్టుకుంటోంది. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఇది ఒలందావాళ్ల గుడి. ఈ రాళ్ల మీద చెక్కింది చూడండి, పుర్రె, కింద రెండు ఎముకలు. దూరదేశం నుంచి వచ్చి ఇక్కడే..."

"ఒరే, చచ్చినోళ్ల ఇండ్లే చూపిస్తుండావే" అంది చిన్నమ్మ. "బతికి పోయినోడి చోటు ఎప్పుడు చూపిస్తావు?"

"వరుసగా రావల్ల గదా చిన్నమ్మా."

"ఆమా, వరుస! మీ చిన్నాయనా అంతే. ఊరికి పోవల్లంటే అన్ని అంగళ్లూ చూసే పోతాడు." ఆమె నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, నా వెనక్కి చూసింది. "ఆ కుక్క ఎవురిది?"

నేను తిరిగి చూశాను. ఎండలో తెల్లటి సమాధిరాళ్లు. ఇంకేమీ లేదు.

"రాయి చిన్నమ్మా."

"రాయికి ముక్కుంటుందా? ఎర్రగా?"

నాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఎండ. సోడా తాగిస్తాంలే, నడువమ్మా."

శంఖాల కొట్ల సందులో ఇంకోసారి. అన్నీ మూసి ఉన్నాయి, కుళ్లిన నత్త వాసన మాత్రం గోడల్లో ఉండిపోయింది. ఒలిచిన శంఖాలను ఓడల్లో బంగాళానికి పంపేవారనీ, అక్కడ వాటితో గాజులు కోసేవారనీ నేను చెబుతున్నాను. గాజుల మాట వినగానే చిన్నమ్మ చేతులు పమిట కిందికి వెళ్లిపోయాయి. చెప్పడం ఆపేశాను. అప్పుడు సందు చివర తెల్లగా ఏదో అడ్డంగా దాటింది. చప్పుడు లేదు. ఈసారి నేనూ చూశాను. నాయన కూడా.

"మన జాతే" అన్నాడు నాయన మెల్లిగా. వెంటనే, "చూడొద్దు. ఈ పని మీద వచ్చినప్పుడు వెనకాల వచ్చేదాన్ని చూడకూడదు" అన్నాడు.

చిన్నమ్మ అప్పటికే ఆ వైపు నడుస్తోంది. నేను అనుకున్న దారి కూడా అదే, ఎందుకంటే ఆ సందు పాత రేవుకు తీస్తుంది. పడవలు ఆగడానికి సముద్రంలోకి కొత్త వంతెన కట్టాక ఆ రేవును జనం వదిలేశారు. కానీ చిన్నాయన వెళ్లిన కాలంలో సిలోను పడవలు అక్కడినుంచే బయలుదేరేవని నేను వెదికి పెట్టుకున్నాను. ఆ సంగతి చదివి ఉండకపోతే అందరిలాగా కొత్త వంతెన దగ్గరికే తీసుకెళ్లేవాణ్ణి.

సందు దాటితే ఒక్కసారిగా సముద్రం. నేను ఊహించుకున్నంత నీలంగా లేదు. బూడిదరంగులో, అల లేకుండా, పడుకున్నట్టు ఉంది. దూరంగా ఓడ ఒక్కటీ లేదు. రేవు రాళ్లకు నాచు పట్టింది. పక్కన ఒక తాటాకు గుడిసె, దాని ముందు బోర్లించిన పడవ. పడవ పక్కన ఆ కుక్క నిలబడి మమ్మల్ని చూస్తోంది. మొరగలేదు.

దగ్గరికి వెళ్లాక నాయన అన్నాడు. "ముక్కు మనది. చెవులు మాత్రం ఈ ఊరివి." నిజమే, మా కుక్కల చెవుల్లాగా వాలకుండా వీధికుక్క చెవుల్లా నిక్కి ఉన్నాయి.

గుడిసెలోంచి ఒక పెద్దావిడ చేపల గంప తల మీద పెట్టుకుని బయటికి వచ్చింది. మెడలో చిన్న సిలువ. మమ్మల్ని పట్టించుకోకుండా నాలుగడుగులు వేసింది. కుక్క ఆమె వెంట బయలుదేరింది. ఆమె తల తిప్పకుండానే అంది.

"వస్తా, ఉండు."

కుక్క కూర్చుంది.

మా ఊళ్లో ఒక వేళాకోళం ఉంది, మా కుక్కలకు అరవం రాదని. వీధిలో అందరితో అరవం మాట్లాడే మేము కూడా కుక్కతో తెలుగే మాట్లాడతాం. కానీ ఇది తూత్తుకుడి. ఆ పెద్దావిడ మెడలో సిలువ ఉన్న పడవలవాళ్ల మనిషి. ఆమె నోట వచ్చింది మాత్రం మా ఇంటి తెలుగు.

చిన్నమ్మ ఆమెకు అడ్డంగా వెళ్లి నిలబడింది. అరవంలో అడిగింది. "అమ్మా, ఇప్పుడు ఆ కుక్కతో ఏమన్నారు?"

"ఏమో తల్లీ, అది ఏ భాషో. అట్లంటే కూచుంటుంది. దీని అమ్మ కూడా అట్లనే కూచునేది, దాని అమ్మ కూడా."

"ఎవురు నేర్పించినారు?"

పెద్దావిడ గంప దించింది. చిన్నమ్మ మొహంలో ఏం చూసిందో, తొందర మానేసి పడవ అంచున కూర్చుంది.

"ఒకాయన. పొడుగ్గా ఉండె. కుక్కపిల్లను ఎత్తుకోని వచ్చినాడు. కొలంబో ఓడలోకి కుక్కను ఎక్కించకూడదనినారు. ఆయనకు అది అర్థమే కాలే. మా ఊళ్లో బండి ఎక్కినా బస్సు ఎక్కినా ఇది నాతోనే వస్తుందని వాదించినాడు. ఆఖరికి నా చేతికిచ్చినాడు, నెలలో వచ్చి తీసుకపోతానని. మా ఇంటాయనే పడవలో తీసుకపోయి ఓడ నిచ్చెన ఎక్కించి వచ్చినాడు."

"ఎక్కినాడా?" చిన్నమ్మ గంప పక్కకు జరిపి దగ్గరగా వంగింది. మళ్లీ అడిగింది. "ఎక్కింది మీ ఇంటాయన కండ్లతో చూసినాడా?"

"చెయ్యి పట్టి ఎక్కించినాడమ్మా. పడవలో పోతా పోతా ఆయన ఆ కుక్కపిల్లను చూసి ఆ మాటే అరుస్తా పోయినాడు. వినిపించినంత దూరం. అది ఆ రాయి మీద కూచునింది, చీకటి పడినా లేవలే. నేనే ఎత్తుకోని పోయినా." ఆమె కుక్కను చూసింది. "ఆ మాటకు అర్థమేంది తల్లీ?"

చిన్నమ్మ చెప్పింది. పెద్దావిడ చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. ఇన్నేళ్లూ రోజూ గంప ఎత్తుకుంటూ తను ఏమంటోందో ఆమెకు అప్పుడే తెలిసింది. సిలువను తాకి, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. ఈసారి కుక్కతో ఏమీ చెప్పలేదు. అయినా అది కూర్చునే ఉంది.

నిచ్చెనకూ కొలంబోకూ మధ్య ఒక్క రాత్రి. ఆ రాత్రి ఏమైందో నేను ఇప్పటిదాకా ఏ పుస్తకంలోనూ చదవలేదు. అలాంటివి పుస్తకాల్లో ఉండవని నాకు అప్పుడు తట్టింది.

చిన్నమ్మ ఆ రాయి దాకా వెళ్లి సముద్రం వైపు నిలబడింది. వెనక్కి వచ్చినప్పుడు కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఎక్కినాడు బావా. నన్ను ఇడిసి యాడికీ పోలే. అది చాలు. అయ్యరు వస్తే మొదలుపెట్టండి."

పురోహితుడు వచ్చాడు. నేను మోసిన మూట విప్పి దర్భ కట్టాడు, ఆకులు పరిచాడు. తల, చేతులు, కాళ్లు. చూస్తుండగానే ఒక పొడుగాటి మనిషి ఇసుకలో పడుకున్నాడు. నేను నిప్పు పెట్టాను. దర్భ చిటపటమని వెంటనే కాలిపోయింది. పొగ నీళ్ల మీదికి పోకుండా గుడిసె వైపు, కుక్క వైపు పోయింది. అది కళ్లు మూసుకుంది గానీ కదలలేదు.

తర్వాత చిన్నమ్మ నీళ్లలోకి దిగింది. నాయనా నేనూ ఊరి వైపు తిరిగి నిలబడ్డాం. మళ్లీ చూసేసరికి తడి చీరతో పైకి వస్తోంది. మెడ బోసిగా ఉంది. తాళి ఉన్న చోట చర్మం తెల్లగా ఒక గీతలా కనిపించింది.

మా దగ్గరికి రాకుండా ఆమె కుక్క దగ్గరికి వెళ్లింది. దాని ముందు వంగి, చీర కొంగు నుంచి నీళ్లు కారుతుండగా, మా ఇంటి మాటలోనే చెప్పింది.

"ఆయన రాడు. లే."

కుక్క ఆమె మొహంలోకి చూసింది. లేవలేదు. దానికి తెలిసింది ఆ ఒక్క మాటే, ఇది కాదు.

చిన్నమ్మ లేచి, ఊరి వైపు నడిచింది. శంఖాల సందు, ఒలందావాళ్ల గుడి, రైలు స్టేషను. దారి నన్ను అడగలేదు. నేనూ నాయనా వెనకాలే నడిచాం. సందు మలుపులో నేను ఒక్కసారి తిరిగి చూశాను. రేవు రాయి మీద తెల్లగా, సముద్రానికి ఎదురుగా, అది కూర్చునే ఉంది.