మదనపల్లె మండీలో కుప్పం ఏనుగులు

మదనపల్లె టమోటా యార్డులోకి ఏనుగులను తోలుకొచ్చిన మనిషి ఇప్పటిదాకా ఒక్కడే. అది నేనే. ఒకటి కాదు, పిల్లతో సహా నాలుగు ఏనుగులు. పట్టపగలు, కొత్తగా వచ్చిన ఆఫీసరు ఎదురుగా, యార్డంతా చూస్తుండగా తోలుకొచ్చాను. ఆ రోజు నా పరువు ఎలా పోయిందో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మా యార్డులో నవ్వనిది నేనొక్కడినే.

ముందు నా సంగతి చెప్పాలి. నా పేరు రమణప్ప. మండీలో వేలం పాట పాడేవాణ్ని. రైతులు తెచ్చిన టమోటా క్రేట్ల మీదికెక్కి, ధర పిలిచి, వ్యాపారుల చేత అంతకంతకూ పెంచి, మూడోసారి అంటూ క్రేటు మీద చెయ్యి చరిచేదాకా నాదే రాజ్యం. ఆ చరుపు పడిందంటే పాట ముగిసినట్టే. ఆ తర్వాత మాట తప్పినవాడు మా యార్డులో మళ్లీ తలెత్తుకుని తిరగలేడు. ఇరవై ఏళ్లుగా రోజూ పొద్దున్నే రెండు వందల మంది ముందు గొంతు చించుకుంటున్నాను. అయినా నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదని నా గట్టి నమ్మకం.

ఆ నమ్మకం నాకు ఆరో తరగతిలో దొరికింది. పంద్రాగస్టు నాడు నన్ను మైకు ముందు నిలబెట్టారు. "సభకు నమస్కారం" అన్నాను. తర్వాతి ముక్క రాలేదు. మళ్లీ "సభకు నమస్కారం" అన్నాను. ఇలా ఏడుసార్లు సభకు నమస్కరించాక మా అయ్యవారు నన్ను చంకలో పెట్టుకుని కిందికి దించేశారు. అంతే, ఆధార్ కార్డులో లేదు గానీ, నా పేరు పక్కన మాట రాని మనిషి అని నాకు నేనే రాసేసుకున్నాను. పెళ్లిచూపుల్లో కూడా నా తరఫున మా మేనమామే మాట్లాడాడు. మా ఆవిడ సుజాత తాను చేసుకుంటున్నది ఆయననేమో అని కాసేపు భయపడిందట. మరి వేలం పాట సంగతేమిటంటారా? అది పని. పనిలో మాట్లాడేది మాటల లెక్కలోకి రాదని నా సిద్ధాంతం.

నేను ఈ సిద్ధాంతంతో సుఖంగా బతికేసేవాణ్నే. కానీ నాకో షడ్డకుడు ఉన్నాడు. సుజాత చెల్లెలి మొగుడు, పేరు మునిరాజు. కుప్పం దగ్గర రామకుప్పం వైపు రాగి, కూరగాయలు పండిస్తాడు. అక్కడి రైతుల సంఘానికి అతనే లీడరు. మైకు కనబడితే చాలు, చెరుకు ముక్క దొరికినట్టు పట్టుకుంటాడు. దాచిపెట్టడం ఎందుకు, ఆ మనిషంటే నాకు ఒళ్లంతా కుళ్లు.

ఆ కుళ్లు పుంగనూరులో ముదిరింది. మా బావమరిది కూతురికి చెవులు కుట్టే వేడుకకని అందరం అత్తగారింట్లో చేరాం. భోజనాలయ్యాక మా మామగారు కదిలించారు.

"మొన్న ఫారెస్టు ఆఫీసరు ముందర ఏనుగుల గురించి మాట్లాడినావంట గదప్పా. ఒకసారి మాగ్గూడా సెప్పు."

మునిరాజు లేచి నిలబడ్డాడు. చేలో పడే ఏనుగులు, అవి రాకుండా తవ్వాల్సిన కందకం, పిల్లల నోటి దగ్గరి రాగిముద్ద అంటూ ఎత్తుకున్నాడు. అత్తగారు కళ్లొత్తుకున్నారు. వాకిట్లో కట్టేసిన మామగారి పొట్టి ఆవు కూడా మేత ఆపి విన్నది. మా ఆవిడ మొత్తం ఫోన్‌లో వీడియో తీసి, చుట్టాల గ్రూపులో పెట్టి, తిరుగు ప్రయాణంలో బస్సులో మళ్లీ మళ్లీ చూసింది.

"ఎంత బాగా మాట్లాడతాడో సూడు," అంది.

"సూసినాలే."

"ఏనుగు మీద కూడా జాలి పుట్టేట్టు మాట్లాడతాడు."

"నా మీద ఎప్పుడన్నా జాలి పుట్టిందా నీకు?"

"నువ్వు మాట్లాడితే గదా పుట్టేది," అని మళ్లీ వీడియో నొక్కింది. మదనపల్లె బస్టాండు వచ్చేసరికి ఆ ఉపన్యాసం నాక్కూడా కంఠతా వచ్చేసింది. కడుపు మండుతూ విన్న మాటలు మహా బాగా గుర్తుంటాయి.

ఇక అసలు కథ. మా యార్డులో టమోటాలు ఏరి, మంచివీ మెత్తవీ వేరు చేసే ఆడవాళ్లకు పైన కప్పు లేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండలోనే కూర్చుంటారు. వాళ్లలో పెద్దావిడ నాగమ్మ, నిమ్మనపల్లె నుంచి వస్తుంది. ఆ వారం ఆమె టమోటాల మీదే కళ్లు తిరిగి పడిపోయింది. ఎండలు ముదరకముందే రేకుల షెడ్డు వేయించమని అడగాలి. కొత్త ఆఫీసరు శుక్రవారం యార్డు చూడటానికి వస్తున్నాడు. ఆ రోజు దాటితే ఆ ఏడాదికి షెడ్డు లేనట్టే.

నాగమ్మ తడిగుడ్డ నెత్తిన వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"మా తరపున నువ్వే మాట్లాడల్లప్పా, రమణప్పా."

"నాకు మాట్లాడేది రాదు నాగమ్మా."

"పొద్దన్నే నీ గొంతుకు మా సెవులు సిల్లులు పడతాండాయి. రాదంటావేందప్పా?"

"అది వేలం పాట. సభలో మాట్లాడేది వేరే. నాకు సిన్నప్పటి నుంచి రాదు."

"సరేలే. కుప్పంలో మీ షడ్డకుడు ఉండాడంట గదా, బాగా మాట్లాడతాడని మీ ఇంటామె సెప్పింది. ఆయప్పనన్నా పిలిపించు. మాకు షెడ్డు వస్తే సాలు."

నా మండీలోకి, నా క్రేట్ల మధ్యకు మునిరాజా? నాకు ఒంటికి కారం రాసినట్టయింది.

"ఆయప్ప యాల? నేనే మాట్లాడతా. నేనే లీడరు," అన్నాను.

అన్నాక ఇంటికి వెళ్లి తలుపేసుకుని చెమటలు తుడుచుకున్నాను. మాట రాని మనిషిని, లీడరునై కూర్చున్నాను. ఏం మాట్లాడాలి? అప్పుడు నా బుర్రకు ఒక మహత్తరమైన ఆలోచన తట్టింది. మునిరాజు ఉపన్యాసం నాకు వచ్చు కదా. దాంట్లో ఏనుగు అని వచ్చినచోటల్లా ఎండ అని పెట్టుకుంటే సరి. కందకం అన్నచోట రేకుల షెడ్డు. ఆఫీసరు మారాడు, ఊరు మారింది, ఎవరికి తెలుస్తుంది? రెండు రోజులు అద్దం ముందు నిలబడి బట్టీ కొట్టాను. ఎవరికైనా ఒకసారి వినిపించి ఉంటే ఈ జ్ఞాపకం రాసే పని తప్పేది. కానీ కుళ్లుతో చేసే పనులు గుట్టుగానే చేస్తాం.

శుక్రవారం వచ్చింది. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఏరే ఆడవాళ్లు, వెనక వ్యాపారులు, హమాలీలు. ఆ వెనక మా ఆవిడ. ఆమె పక్కన తెల్లచొక్కా వేసుకుని మునిరాజు. మా ఆయన మొదటిసారి మాట్లాడుతున్నాడని గొప్పగా ఫోన్ చేసి రప్పించిందట. అయినా మొదలుపెట్టాను.

"అయ్యా, మేము ఎండ మీద కోపంతో రాలేదు. ఎండకూ బతకాలని ఉంటుంది."

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. నేను ఆగలేదు. ఆగితే ఏడుసార్లు నమస్కారం పెడతానని భయం.

"ఎండ దాని తోవలో అది పోతే మాకేం బాధ లేదు. కానీ మొన్న మూడు ఎండలు ఒక్కసారిగా వచ్చినాయి. వాటెంట ఒక పిల్ల ఎండ."

నాగమ్మ పక్కామెను అడగడం నాకు వినబడింది. "పిల్ల ఎండ అంటే ఏందమ్మే? పొద్దన్నే వచ్చేదా?"

"టపాసులు కాల్చినాము. డప్పులు కొట్టినాము. ఎండ కదలలేదు. తరిమితే తొండమెత్తి మా మీదికే వచ్చింది."

తొండం దగ్గర నాక్కూడా అనుమానం వచ్చింది. ఎండకు తొండం ఎక్కడిది? ఆ తొండం పట్టుకుని ఏనుగులు నాలుగూ ఒక్కసారిగా బయటపడ్డాయి. ఇక ఎండ గుర్తులేదు, షెడ్డు గుర్తులేదు, నోరు దానంతటది నడిచిపోతోంది.

"కాబట్టి అయ్యా, ఈ ఏనుగులు టమోటా మండీలోకి రాకుండా యార్డు సుట్టూ లోతుగా కందకం తవ్వించి మా ఆడబిడ్డలను కాపాడల్ల."

తర్వాత ఎవరో హమాలీ, "కందకం తవ్వితే లారీలు యాడ రావల్లప్పా?" అన్నాడు. దాంతో నవ్వులు మొదలయ్యాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. మా ఆవిడ తల దించుకుంది. మునిరాజు మాత్రం తన బిడ్డ ఎవరి చంకలోనో కనబడినట్టు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఎవరో చెవిలో షెడ్డు సంగతి వేశాక ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ లేచాడు. "ఏనుగుల సంగతి ఫారెస్టు వాళ్లు చూస్తారు. మీకేమైనా షెడ్డు కావాలంటే రాసివ్వండి, నాలుగు నెలల్లో చూద్దాం."

నాలుగు నెలలంటే ఎండాకాలం అయిపోతుంది. నాగమ్మ నవ్వు ఆగిపోయింది. తడిగుడ్డ చేతిలోకి తీసుకుని నన్ను చూసింది. ఆ చూపు చూశాక నేనేం చేశానో నాకు తెలియదు. చూసినవాళ్లు చెప్పిందాన్ని బట్టి, పక్కనున్న క్రేట్ల మీదికి ఎక్కేశాను.

"నాలుగు నెలలు. ఆఫీసరుగారి పాట నాలుగు నెలలు. ఎవరన్నా తగ్గించేవాళ్లు ఉండారా?"

నాగమ్మకు విషయం వెంటనే అర్థమైంది. "మూడు నెలలు," అని అరిచింది.

"మూడు నెలలు, నాగమ్మ పాట మూడు నెలలు. ఎండలు ముదరతాండాయి, టమోటా మెత్తబడతాండాది, మనిషి అంతకంటే ముందర మెత్తబడతాండాది. మూడు నెలలు ఒకటోసారి."

"రెండు," అన్నారు ఆడవాళ్లు. "ఒకటిన్నర," అన్నాడు వెనక నుంచి ఓ వ్యాపారి, అలవాటు కొద్దీ.

"నెలన్నర ఒకటోసారి. మొన్ననే ఈడ ఈ పెద్దామె పడిపోయినప్పుడు నీళ్లు సల్లింది నేనే. నెలన్నర రెండోసారి. అయ్యా, మీ మాట సెప్పండి, ఇది మీ సరుకు."

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. యార్డంతా ఆయన నోటి వంకే చూస్తోంది. "సరే, నెల రోజులు," అన్నాడు.

"నెల. నెల ఒకటోసారి. నెల రెండోసారి."

"ఇరవై రోజులయ్యా, ఇంక ఆపు," అన్నాడు ఆఫీసరు.

"ఇరవై రోజులు, మూడోసారి," అని క్రేటు మీద చెయ్యి చరిచాను. క్రేటు విరిగి మోకాళ్ల దాకా టమోటాల్లో దిగబడ్డాను. అక్కడి నుంచే నమస్కారం పెట్టాను, ఈసారి ఒక్కటే.

చరుపు పడ్డాక మాట తప్పకూడదని ఆయనకు ఎవరు చెప్పారో గానీ, పంతొమ్మిదో రోజుకే రేకులు పడ్డాయి. నాగమ్మ ఇప్పుడు దాని కింద కూర్చుని, కొత్తగా వచ్చినవాళ్లకు పిల్ల ఎండ కథ చెబుతుంది. లీడరు పని మాత్రం నాకే అంటగట్టారు. ముప్పై ఏళ్లు నాకు లేదనుకున్న నోరు రోజూ పొద్దున్నే నా దగ్గరే ఉందని, దాన్ని నేనే మండీలో వదిలేసి ఇంటికి పోతున్నానని తెలిసింది.

షెడ్డు పాట పాడిన రోజే మునిరాజు నా కాళ్లకంటిన టమోటా రసం తుడుస్తూ మెల్లగా అన్నాడు. "అన్నా, నిన్ను సూస్తే నాకు కుళ్లుగా ఉండాది. నేను వారం దినాలు పశువుల కొట్టంలో బట్టీ కొడితే గానీ ఒక్క మాట రాదు. నీకు అప్పటికప్పుడు ఎట్లొచ్చింది? ఆ పాట నాక్కూడా నేర్పు."

ఆ మాట వినడానికే నేను ఇన్నేళ్లు బతికాననిపించింది. పొంగిపోయాను. కాఫీ తాగించి మరీ నేర్పాను. గొంతు ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ ఆపాలో, చెయ్యి ఎప్పుడు చరచాలో ఒక్కటీ దాచకుండా చెప్పాను.

నెల తిరక్కముందే చుట్టాల గ్రూపులో వీడియో వచ్చింది. రామకుప్పంలో బోర్లించిన క్రేటు ఎక్కి మునిరాజు, ఎదురుగా ఫారెస్టు ఆఫీసరు. కందకం పని మొదలుపెట్టడానికి పాట ఆరు నెలల దగ్గర మొదలై పన్నెండు రోజులకు ముగిసింది. నాకంటే ఎనిమిది రోజులు తక్కువ. క్రేటు కూడా విరగలేదు.

సుజాత ఆ వీడియో నాలుగోసారి చూస్తూ, "అచ్చం నీ మాదిరే పాడినాడు," అంది. నేను మీసం తడుముకునేలోపు, "కానీ ఆయప్ప నోట్లో వింటే ఇంకా బాగుండాది," అని ముగించింది.

అందుకని మా యార్డులోని కొత్త రేకుల షెడ్డు కింద నిలబడి, విరిగిన క్రేటు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి ఏనుగులనూ అరువు తెచ్చుకోను. నా పాటను ఎవరికీ అరువు ఇవ్వను. షడ్డకులకైతే కాఫీ కూడా ఇవ్వను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.